‘ఏమీ చేయదు, రండి’ అంటే సరిపోదు

ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న ఒడిశా పట్నం పర్లాకిమిడి పాత వీధుల్లో చాలా ఇళ్లకు ప్రహరీ ఉండదు. వీధి, వీధి మీదకే అరుగు, అరుగు దాటితే గడప. పక్కింటికీ ఈ ఇంటికీ ఒకటే గోడ. పాతపట్నంలో ఆటో ఎక్కి వచ్చిన చుట్టం అరుగు మీద చెప్పులు విడిచి గొళ్లెం ఆడించిందంటే, ఆమెకూ ఇంట్లోని కుక్కకూ మధ్య మిగిలింది ఒక్క తలుపు చెక్క. లోపల గచ్చు మీద గోళ్లు జారుతున్న చప్పుడు. తలుపు సగం తెరుచుకునేసరికే ముప్పై కిలోల లాబ్రడార్ ముందరి పాదాలు ఆమె భుజాల మీద ఉంటాయి. ఒక చేతిలో మిఠాయి పెట్టె, మరో చేతిలో చీర కుచ్చిళ్లు. ఆసరాకు పట్టుకునేందుకు చెయ్యి ఖాళీ లేక ఆమె గోడకు అతుక్కుపోతుంది. లోపలి నుంచి ఇంటివాళ్ల మాట వినిపిస్తుంది: “ఏమీ చేయదు, రండి పిన్నీ! దానికి మనుషులంటే ప్రాణం.”

ఆ మాటలో అబద్ధం లేదు. దానికి నిజంగానే మనుషులంటే ప్రాణం. కానీ డెబ్బై ఏళ్ల మనిషి వెనక్కి పడి తుంటి ఎముక విరగడానికి కుక్కకు కోపం రానక్కర్లేదు, ప్రేమ చాలు. చిన్నప్పుడు ఒకసారి కుక్కకాటు తిన్న మనిషికైతే ‘ఏమీ చేయదు’ అన్న మాట ధైర్యమే ఇవ్వదు. తన భయాన్ని ఎవరూ లెక్కచేయడం లేదని చెప్పినట్లే ఉంటుంది. అలాంటి చుట్టాలు గొడవ పడరు. రావడం తగ్గిస్తారు, అంతే. కుక్క మూలంగా ఒక ఇంటికి పిన్ని దూరమైతే ఆ నష్టం చిన్నదేమీ కాదు. ఆ కుక్కకూ నష్టమే. చుట్టం వచ్చిన ప్రతిసారీ తిట్లు తినో, పెరట్లో గొలుసు బిగించుకునో గడిపే బతుకు దానిది.

చాలామంది ఈ చిక్కును గుమ్మం దగ్గరే, చుట్టం నిలబడి ఉండగానే విడదీయాలని చూస్తారు. పరీక్ష హాల్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించబోవడం లాంటిది అది. కుక్క నేర్చుకోవలసింది చుట్టం లేని వేళ, ఇల్లు నెమ్మదిగా ఉన్నప్పుడు. గుమ్మం దగ్గర తేలేది ఆ చదువు ఎంతవరకు వచ్చిందన్నదే.

సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లలో ఈ మాట మరింత గట్టిగా చెప్పుకోవాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు గీసిన గీత చుట్టరికాలను తెంచలేదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలకు శ్రీకాకుళం, పార్వతీపురం వైపు వియ్యాలున్నాయి. పెళ్లిళ్లకూ పురుళ్లకూ రాకపోకలు సాగుతూనే ఉంటాయి. వాటికి తోడు ఇరుగుపొరుగు ఒడియా కుటుంబాలు, పాలు పోసే మనిషి, సిలిండర్ తెచ్చే కుర్రాడు, కొరియర్. రోజుకు ఎనిమిది పదిసార్లు తలుపు తెరుచుకునే ఇంట్లో కుక్కకు ఎనిమిది పది పాఠాలు జరిగిపోతుంటాయి. ఇంటివాళ్లు నేర్పినా నేర్పకపోయినా అది నేర్చుకుంటూనే ఉంటుంది. ఏం నేర్చుకుంటోందన్నదే చూడాలి.

మీదికి ఎగరడంలో అసలు ఏముంది

కుక్కపిల్ల తల్లి మూతి చివర్లను నాకుతుంది. తోడేళ్ల పిల్లలు అలా నాకితే పెద్దవి తాము మింగి తెచ్చిన తిండిని కక్కి పెడతాయి. ఆకలితో మొదలైన ఆ చేష్ట కుక్కల్లో క్రమేణా పలకరింపుగా నిలిచిపోయింది. మనిషి మూతి అయిదడుగుల ఎత్తున ఉంది కనుక అందుకోవడానికి ఎగరక తప్పదు. కాబట్టి మీదికి ఎగిరే కుక్క పొగరుబోతుదీ కాదు, ఇంటివాళ్ల మీద పెత్తనం కోరుతున్నదీ కాదు. తన జాతి మర్యాద ప్రకారం నమస్కారం పెడుతోంది. మన మర్యాదలో ఆ నమస్కారం ఇమడదు, అక్కడే వచ్చింది ఇబ్బంది.

పిల్లగా ఉన్నప్పుడు అలా ఎగిరితే అందరూ ముద్దు చేసి ఎత్తుకుంటారు. రెండు కిలోల పిల్ల ఎనిమిది నెలలకు పాతిక కిలోలవుతుంది. అదే చేష్టకు అప్పుడు తిట్లు పడతాయి. చేష్ట మారలేదు, కూలి మాత్రం మారింది. ఆ మార్పు ఎందుకో కుక్కకు అర్థమయ్యే దారి లేదు.

కూలి అన్న మాట ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. అమెరికన్ మనోవిజ్ఞాని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెల్లో ఉంచి పరిశీలించి తేల్చింది ఇదే: ఏ చేష్ట వెనక సుఖం దొరుకుతుందో ఆ చేష్ట మళ్లీ మళ్లీ వస్తుంది. గుమ్మం దగ్గర కుక్కకు దొరికే సుఖం బిస్కెట్టు కానక్కర్లేదు. దాని వైపు చూడటం కూలి. “దిగు, దిగు!” అని అరవడం కూలి. రెండు చేతులతో తోయడం ఇంకా పెద్ద కూలి, ఎందుకంటే కుక్కల భాషలో అది కుస్తీ ఆటకు పిలుపు. ఇల్లంతా ఒక్కసారి గొంతెత్తితే, తాను మొదలుపెట్టిన సంబరంలో అందరూ కలిశారని అది అనుకుంటుంది. ‘ఎంత తిట్టినా మానదు’ అని విసుక్కునే ఇళ్లలో తిట్టే మేతగా మారిపోయి ఉంటుంది.

ఎగరడానికి ఈ కూలి మొదటి కారణమైతే, రెండోది గొళ్లెం చప్పుడు. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ తన కుక్కలకు తిండి రాకముందే, తిండిని తెలిపే గుర్తు అందగానే లాలాజలం ఊరడం గమనించాడు. గొళ్లెం ఆడగానే ఇంటి కుక్కకు జరిగేదీ అటువంటిదే. తలుపు ఇంకా తెరవకముందే గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు బిగుస్తుంది, చెవి పని చేయడం మానేస్తుంది. ఆ స్థితిలో ఇష్టమైన కోడిమాంసం ముక్కను మూతి ముందు పెట్టినా చాలా కుక్కలు ముట్టవు. తిండి ముట్టని కుక్క మాట వినడంలేదని కోప్పడటం అన్యాయం. అది వినగలిగే హద్దు దాటిపోయింది.

ఇక మూడోది, చాలా ఇళ్లలో పనంతా పాడుచేసేది, కుక్కలంటే ఇష్టపడే మావయ్య. వారమంతా ఇంటిల్లిపాదీ పట్టుదలగా ఉంటారు. ఆదివారం మావయ్య వచ్చి “పర్వాలేదులే, నాకు అలవాటే” అంటూ రెండు పాదాలనూ ఛాతీ మీదికి తీసుకుని చెవులు నిమురుతాడు. ప్రతిసారీ దొరికే బహుమతి కన్నా ఎప్పుడో ఒకసారి దొరికే బహుమతే అలవాటును గట్టిగా పాతుకునేలా చేస్తుందని అమెరికన్ మనోవిజ్ఞాని బి.ఎఫ్.స్కిన్నర్ ప్రయోగాలు చూపించాయి. లాటరీ టిక్కెట్టు కొనే మనిషి ఎందుకు మానలేడో, పదిమంది వద్దన్నా పదకొండో మనిషి మీదికి కుక్క ఎందుకు ఎగురుతుందో, రెండింటికీ కారణం ఒకటే. అందుకే మొదట నచ్చజెప్పవలసింది మావయ్యకు. ఆయనకున్న ప్రేమ నిజమైనదే కాబట్టి, ఆయన చేసే గారాబానికి దెబ్బలు తినేది ఆ కుక్కేనని చెబితే తప్పక వింటాడు.

కూలి ఆపిన మొదటి రోజుల్లో ఎగరడం తగ్గకపోగా పెరుగుతుంది. ఆరిపోయే ముందు దీపం పెద్దదైనట్లు, ఇన్నాళ్లూ పనిచేసిన చేష్ట పనిచేయకపోయేసరికి కుక్క దాన్నే మరింత గట్టిగా చేసి చూస్తుంది. ఈ పద్ధతి పనికిరాదని చాలామంది వదిలేసేది సరిగ్గా ఇక్కడే. మరో నాలుగు రోజులు ఓర్చుకుంటే దారిలో పడేదానికి, తామే లొంగిపోయి ఇంకా గట్టిగా ఎగరాలని నేర్పినవాళ్లవుతారు.

తోక ఊపినంత మాత్రాన

పైన చెప్పిందంతా సంతోషం పట్టలేని కుక్క గురించి. గుమ్మం దగ్గర గోల చేసే ప్రతి కుక్కా సంతోషంతోనే చేస్తోందనుకోవడం ప్రమాదం. సంతోషంగా ఉన్న కుక్క ఒళ్లు వదులుగా ఉంటుంది. తోకతో పాటు నడుమంతా ఊగుతుంది, కళ్లు మెత్తగా చిన్నవవుతాయి, నోరు తెరిచి ఉంటుంది. భయపడే కుక్క కూడా తోక ఊపవచ్చు. కానీ అప్పుడు బరువు వెనక్కాళ్ల మీద ఉంటుంది. ముందుకు వచ్చి మళ్లీ వెనక్కి తగ్గుతుంది, మూతి నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది. ఒళ్లంతా కర్రలా బిగిసి, మూసిన నోటితో, నిటారుగా లేచిన తోక కొన మాత్రమే వేగంగా కదులుతుంటే అది పలకరింపు కానే కాదు. 2007లో ఇటలీ పరిశోధకులు 30 కుక్కలను పరిశీలించి, యజమానిని చూసినప్పుడు తోక కుడివైపుకు ఎక్కువగా ఊగుతుందనీ, పెత్తనం చేసే కొత్త కుక్కను చూసినప్పుడు ఎడమవైపుకు మొగ్గుతుందనీ ప్రకటించారు. గుమ్మం దగ్గర నిలబడి కుడి ఎడమలు కొలవడం ఎవరి వల్లా కాదు గాని, తోక ఊపడానికి అర్థం ఒకటే కాదని దీనివల్ల తెలుస్తుంది.

గుర్రుమనే కుక్కను గుర్రుమన్నందుకు కొట్టకూడదు. గుర్రు అది ఇచ్చే హెచ్చరిక. హెచ్చరించినందుకు దెబ్బలు తిన్న కుక్క కొన్నాళ్లకు హెచ్చరించడం మానేసి నేరుగా కరుస్తుంది. భయంతోనో, ఇల్లు కాచే పంతంతోనో మీదికి వచ్చే కుక్కకు, గోనెసంచి పరిచి దాని మీద పడుకోవడం నేర్పే గోనెపట్టా పాఠం (కింద చెప్పబోయేది) ఒక్కటే చాలదు. పశువైద్యునికి చూపించాలి. చెవిపోటో, కీళ్లనొప్పో వల్ల కూడా కుక్క స్వభావం మారుతుంది. జిల్లా కేంద్రాల్లో ప్రభుత్వ పశువైద్యశాలలున్నాయి. మరింత లోతైన పరీక్ష కావాలంటే భువనేశ్వర్‌లో ఒడిశా వ్యవసాయ, సాంకేతిక విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాల ఉంది.

చుట్టం వంగి పలకరించగానే కొన్ని కుక్కపిల్లలు కాస్త మూత్రం విడుస్తాయి. అది లొంగుబాటు గుర్తు. తిడితే ఎక్కువవుతుంది. పట్టించుకోకుండా, నేరుగా మీదికి వంగకుండా, పక్కన కూర్చుని పలకరిస్తే వయసుతో చాలావరకు పోతుంది.

మోకాలితో ఛాతీలో పొడవడం, వెనక పాదాలను తొక్కడం, చుట్టిన పేపరుతో మూతి మీద కొట్టడం వంటి సలహాలు ఇప్పటికీ వినిపిస్తుంటాయి. వీటి వెనక ఉన్నది ‘యజమాని గుంపుకు నాయకుడిలా అణచి ఉంచాలి’ అన్న పాత నమ్మకం. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాసిన పరిశీలనల నుంచి అది పుట్టింది. తోడేళ్ల మీద జీవితకాలం పనిచేసిన డేవిడ్ మెక్ 1999లో, అడవిలో తోడేళ్ల గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ ఉన్న కుటుంబమేనని వివరించాడు. నాయకత్వం కోసం నిత్యం కొట్లాడుకునే గుంపు అక్కడ లేదు. సిద్ధాంతం సంగతి పక్కన పెట్టినా, దెబ్బ నేర్పే పాఠం వేరుగా ఉంటుంది. చుట్టం వచ్చినప్పుడల్లా ఛాతీలో నొప్పి పుడితే కుక్క మనసులో చుట్టానికీ నొప్పికీ ముడి పడుతుంది. ప్రేమతో ఎగిరే కుక్కను భయంతో కరిచే కుక్కగా మార్చడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

గోనెపట్టా పాఠం

‘ఎగరకు’ అన్నది కుక్క చేయగలిగిన పని కాదు. చేయకూడనిదాన్ని చెబితే సరిపోదు, దాని బదులు ఏం చేయాలో చూపించాలి. పట్టా మీద నాలుగు కాళ్లూ ముడుచుకుని పడుకున్న కుక్క అదే సమయంలో చుట్టం మీదికి ఎగరలేదు. శిక్షణంతా ఈ చిన్న తర్కం మీద నిలబడుతుంది.

ఉతికిన గోనెసంచిని నాలుగు మడతలు వేస్తే చాలు. కొన్న పరుపు అక్కర్లేదు. గోనెకు దానిదే వాసన, గరుకు ఉంటాయి. గచ్చు మీద నుంచి దాని మీదికి కాలు పెట్టిన క్షణం కుక్క పాదానికి తెలుస్తుంది. దాన్ని ఎక్కడ వేయాలన్నది ముఖ్యం. అక్కడి నుంచి గుమ్మం కనిపించాలి, గుమ్మం అందకూడదు. పొడవాటి వీధి ఇళ్లలో ముందు గదికీ నడవకూ మధ్య, ఓ పక్కగా, ఆ చోటు దొరుకుతుంది.

మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో శనగగింజంత ముక్కలుగా ఉడికించిన కోడిమాంసం, ఉప్పూ ఉల్లిపాయా లేకుండా. ఉల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. శాకాహారం వండే ఇళ్లలో పనీర్ ముక్కలు, ఉడికించిన క్యారెట్ పనిచేస్తాయి. కుక్క గోనె మీద కాలు పెట్టగానే ఒక ముక్క గోనె మీదే వేయాలి, చేతితో అందించకూడదు. చేతితో ఇస్తే కుక్క చేతి చుట్టూ తిరుగుతుంది. గోనె మీద దొరికితే గోనె చుట్టూ తిరుగుతుంది. నాలుగైదు ముక్కలయ్యాక “ఇక వెళ్లు” అని విడుదల చేయాలి. రెండో రోజుకో మూడో రోజుకో అది తానే వచ్చి గోనె మీద నిలబడి డబ్బా వైపు చూస్తుంది. అప్పుడు పడుకునేదాకా ఆగాలి. పడుకోగానే మూడు ముక్కలు వరసగా. ఒక్కో విడత అయిదు నిమిషాలు దాటకూడదు, రోజుకు రెండు విడతలు.

తరువాత మనిషి కదలాలి. ఒక అడుగు గుమ్మం వైపు వేసి, వెనక్కి వచ్చి గోనె మీద ముక్క వేయడం. మూడడుగులు. తలుపు మీద చెయ్యి పెట్టి రావడం. ఆపైన గొళ్లెం. ఇక్కడ తొందర పనికిరాదు, ఎందుకంటే ఏళ్ల తరబడి కుక్క గుండెను ఎగదోసిన చప్పుడు ఇదే. బయట ఎవరూ లేని వేళ రోజుకు పదిసార్లు, వేళాపాళా లేకుండా గొళ్లెం ఆడించాలి. ప్రతిసారీ నేరుగా గోనె దగ్గరికి వచ్చి ముక్క వేయాలి. మొదట కుక్క గుమ్మానికి పరుగెత్తుతుంది, అరుస్తుంది, ఎవరూ లేరని చూస్తుంది. వెనక్కి తిరిగేసరికి గోనె మీద ముక్క ఉంటుంది. కొన్ని రోజులకు గొళ్లెం ఆడగానే గుమ్మం వైపు రెండడుగులు వేసి, ఆగి, తల తిప్పి గోనె వైపు చూస్తుంది. ఆ తల తిప్పడం కోసమే ఇంత శ్రమ. పావ్‌లోవ్ చూపిన ముడి విడిపోయి, అదే చప్పుడుకు కొత్త ముడి పడిందనడానికి ఆనవాలు అది. కాలింగ్ బెల్ ఉన్న ఇళ్లలో ఆ మోతను ఫోనులో రికార్డు చేసి, మొదట చిన్న ధ్వనితో మొదలుపెట్టవచ్చు.

ఆ తరువాత ఇంటి మనిషే పెరటి గుమ్మం నుంచి చుట్టి వచ్చి వీధి తలుపు తట్టాలి. రోజూ చూసే మనిషే అయినా తలుపు తట్టి వస్తే కుక్కకు చుట్టమే. అటు పిమ్మట పక్కింటి పిల్లవాడు, ఆ తరువాత కుక్కను పెద్దగా పట్టించుకోని మనిషి. దాన్ని బాగా ముద్దు చేసే మావయ్య అందరికన్నా చివర. కష్టంలో ఆయనది చివరి మెట్టు. రెండో రోజు పాఠం నుంచి నేరుగా మావయ్య దగ్గరికి దూకిన ఇళ్లలోనే శిక్షణ బెడిసికొడుతుంది.

కుక్క గోనె వదిలి పరుగెత్తితే తిట్టనక్కర్లేదు. తలుపు మూసేయాలి, అంతే. చుట్టం కనిపించకుండా పోవడమే దానికి పెద్ద నష్టం. తిరిగి గోనె మీదికి వెళ్లాక తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. ఇందుకు ఒప్పుకుని అరుగు మీద రెండు నిమిషాలు ఓపికగా నిలబడే పక్కింటివాళ్లుంటే ఆ కుక్క అదృష్టం బాగున్నట్లే.

ఈ చదువు పూర్తికాకముందే నిజం చుట్టాలు వస్తూనే ఉంటారు. ఆ రోజుల్లో మెడపట్టీకి తాడు కట్టి, వదులుగా చేతిలో ఉంచుకుని తలుపు తీయాలి. గుప్పెడు మరమరాలో, దాని రోజువారీ మేతలో కొంతో గోనె మీద చల్లితే కుక్క తల దించి ఏరుకుని తింటుంది. తల కింద ఉన్నంతసేపు ముందరి కాళ్లు నేల మీదే ఉంటాయి. వాసన చూస్తూ వెతకడంలో ఉద్రేకం కూడా చల్లబడుతుంది. ఆ ఒకటి రెండు నిమిషాల్లో చుట్టం కుర్చీలో కూర్చుంటుంది, గండం గడుస్తుంది.

ఏ భాషలో చెప్పాలి

సరిహద్దు ఇళ్లలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. నాయనమ్మ “కూర్చో” అంటుంది, బడికి వెళ్లే పిల్ల “సిట్” అంటుంది, పక్కింటి ఒడియా పెద్దాయన “బొసొ” అంటాడు. కుక్కకు భాషలు లేవు, చప్పుళ్లున్నాయి. ఒక్కో చప్పుడూ దానికి వేరే పాఠం. మూడూ నేర్చుకోలేదని కాదు, ఓపికగా నేర్పితే నేర్చుకుంటుంది. కానీ ఎవరూ విడివిడిగా నేర్పరు. మూడింటినీ కలిపి గుమ్మం దగ్గర ఒకేసారి అరుస్తారు.

ఇంకో సంగతి అంతగా ఎవరి దృష్టికీ రాదు. గడప దాటిన ప్రతి చుట్టంతోనూ మనం అనే మొదటి మాట “కూర్చోండి”. ఒడియా ఇంట్లో “బొసొంతు”. కుక్కకు నేర్పిన మాటనే చుట్టంతో అంటూ, కుక్క కూర్చోకపోయినా పట్టించుకోకుండా రోజుకు పదిసార్లు వాడితే ఆ మాట అరిగిపోతుంది. అందువల్ల గోనెకు వేరే మాట పెట్టుకోవడం మంచిది. “పట్టా” అంటే చాలు. చుట్టంతో ఎవరూ ఆ మాట అనరు.

మాట కన్నా సైగ మేలు. అరచేతిని నేలవైపుకు చూపి కిందికి దించడం కుక్కకు త్వరగా పట్టుబడుతుంది. మనిషి చేతుల కదలికను కుక్కలు గొంతు కన్నా శ్రద్ధగా గమనిస్తాయి. తెలుగు రాని అతిథికీ, ఒడియా రాని చుట్టానికీ ఆ సైగ రెండు క్షణాల్లో చూపించవచ్చు.

అతిథికి చెప్పవలసింది కూడా అంతే కొద్ది. నాలుగు కాళ్లూ నేల మీద ఉన్నంతవరకే చూపు, మాట, చెయ్యి. పాదాలు లేస్తే పక్కకు తిరిగి చేతులు కట్టుకోవడం. నిమిరేటప్పుడు నడినెత్తి మీద కాకుండా ఛాతీ మీదో, మెడ పక్కనో. అసలు నిమరడం ఇష్టంలేని అతిథిని ఒత్తిడి చేయకూడదు. మడి కట్టుకున్న పెద్దవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు, భయపడే పిల్లలు, ఏ కారణమూ చెప్పకుండా వద్దనేవాళ్లు, అందరి మాటా చెల్లాలి. అలాంటివారు వచ్చినప్పుడు కుక్కను లోపలి గదిలో ఉంచడం దాన్ని అవమానించడం కాదు. ముందే నీళ్లు, తన పట్టా, నమలడానికి ఏదో ఒకటి పెట్టి, తిట్టకుండా పంపిస్తే దానికి అది శిక్షలా ఉండదు. పెరుగన్నం కూరి ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన రబ్బరు బొమ్మ ఇస్తే నాకుతూ చాలాసేపు గడిపేస్తుంది.

గుమ్మానికి ఇనుప జాలీ తలుపు బిగించి, కుక్కను రోజంతా దాని వెనక వదిలేసే ఇళ్లున్నాయి. వీధిలో పోయే ప్రతి మనిషీ దానికి కనిపిస్తాడు, ఒక్కరూ అందుబాటులోకి రారు. గంటల తరబడి ఆ ఉక్రోషం పేరుకుని, జాలీ తీసిన క్షణాన బయటపడుతుంది. గొలుసుతో గుమ్మానికి కట్టేసినా ఇదే జరుగుతుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ మరీ పొట్టిదో మరీ బరువైనదో అయిన గొలుసుతో ఎక్కువసేపు కట్టి ఉంచడాన్నీ, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడాన్నీ నేరాలుగానే చెబుతోంది. జాలీ కింది సగానికి అట్టముక్కో పాత దుప్పటో కట్టి వీధి కనిపించకుండా చేస్తేనే చాలా కుక్కలు సగం నెమ్మదిస్తాయి.

పొద్దున నడక లేని కుక్కకు ఏ పాఠమూ ఎక్కదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ముదరకముందే తిప్పి తేవాలి. మధ్యాహ్నం రోడ్డు అరికాళ్లను కాలుస్తుంది. నిద్ర కూడా అంతే ముఖ్యం. ఎదిగిన కుక్క రోజులో సగం నిద్రపోతుంది, పిల్లలు ఇంకా ఎక్కువ. ఇంటి నిండా జనం ఉండి నిద్ర చెడిన కుక్క చంటిపిల్లలా పేచీ పెడుతుంది.

ఒక గీరు పడితే

సంతోషంతో ఎగిరిన కుక్క గోరు గీసుకున్నా అది గాయమే. చర్మం గీరుకుపోతే వెంటనే పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం పెట్టకూడదు. రక్తం రాకపోయినా డాక్టరుకు చూపించాలి. రేబిస్ టీకా విషయంలో రక్తం రాని గీతలను కూడా లెక్కలోకి తీసుకుంటారు. రక్తం వస్తే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ (రేబిస్‌ను వెంటనే ఎదుర్కొనే సిద్ధ ప్రతిరోధకాల మందు) కూడా అవసరమవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకాను మొదటి రోజున, తిరిగి 3, 7, 28 రోజులకు వేస్తారు. ‘మా కుక్కకు టీకా వేయించాం’ అన్న మాటతో అతిథిని ఇంటికి పంపేయకుండా, ఆ టీకా కార్డు తీసుకుని ఆసుపత్రికి తోడుగా వెళ్లడం ఇంటివారి బాధ్యత. కుక్కపిల్లకు మూడో నెలలో మొదటి రేబిస్ టీకా, తరువాత బూస్టరు, ఆపైన ఏటా వేయించి కార్డు భద్రపరచడానికి ఇదొక కారణం. జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలగకుండా చూసుకోవడంలో నిర్లక్ష్యం చేస్తే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, అయిదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కుక్కపిల్లను కొత్తగా తెచ్చిన ఇళ్లకు ఈ కష్టమంతా చాలావరకు తప్పుతుంది. మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల వరకు కుక్కపిల్ల మనసు కొత్త మనుషులకూ చప్పుళ్లకూ బాగా తెరిచి ఉంటుంది. టీకాలు పూర్తికాని రోజుల్లో నేల మీద దించకుండా ఎత్తుకుని అరుగు మీద కూర్చుంటే చాలు. గొడుగు పట్టుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, తలమీద బుట్టతో వెళ్లే మనిషి, కర్ర ఊతంగా నడిచే తాత అందరూ దాని ముందు నుంచే నడిచిపోతారు. మీదికి ఎగిరినప్పుడు ముద్దు చేయకుండా, కాళ్లు నేల మీద ఉన్నప్పుడే ముద్దు చేయడం ఆ వయసులోనే మొదలవ్వాలి.

బరంపురంలో రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర జరుగుతుంది. చేనేత కులపెద్ద అయిన దేశిబెహరా ఆడపడుచుగా బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చే పండుగ అది. దాదాపు నెల రోజులు ఊరంతా చుట్టాలే. డప్పులు మోగుతాయి, ఒళ్లంతా చారలు పూసుకున్న పులివేషగాళ్లు ఇంటి ముందుకే వచ్చి ఆడతారు. మనిషి వాసన వేస్తూ పులిలా కనిపించేదాన్ని చూసి బెంబేలెత్తకుండా ఉండమని ఏ కుక్కనూ అడగలేం. ఆ నెలలో కొత్త పాఠాలు వద్దు. నేర్చుకున్నవి చెడకుండా చూసుకుంటే చాలు. పొద్దున్నే నడక ముగించి, డప్పు వినిపించకముందే అన్నిటికన్నా వెనకనున్న గదిలో ఫ్యాను వేసి, గోనెపట్టా అక్కడికే మార్చి, నీళ్లు పెట్టి తలుపు చేరవేయాలి. తలుపు మీద ‘లోపల కుక్క ఉంది, తీయవద్దు’ అని తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన కాగితం అంటించాలి. పండక్కి వచ్చిన పిల్లలు తీయబోయేది సరిగ్గా ఆ తలుపే. సందడి సద్దుమణిగి చుట్టాలు భోజనాలకు కూర్చున్నాక తాడుతో బయటికి తెచ్చి, మొదట అందరికన్నా నెమ్మదైన మనిషి దగ్గరికి తీసుకువెళ్లాలి. చాలా ఇళ్లలో ఆ మనిషి, వాకిట్లో గోడకు అతుక్కుపోయిన ఆ పిన్నే అవుతుంది. ఆమె ఎగరదు, అరవదు, చేతులు ఆడించదు. కుర్చీలో కూర్చుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, కుక్క వాసన చూసేదాకా ఆగుతుంది.